విదేశంలో విమానం దిగాక: ఇమిగ్రేషన్ లైను నుంచి బయటి గేటు దాకా

హన్మకొండ నుంచి డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి పోయే అమ్మానాన్నలు, జగిత్యాల నుంచి దుబాయి కంపెనీలో పనికి కుదిరిన మేస్త్రీ, కాజీపేట నుంచి ఎమ్మెస్ చదవడానికి బయల్దేరిన అమ్మాయి. వీళ్ళందరినీ శంషాబాద్ దాకా సాగనంపడానికి బండి నిండా మనుషులు వస్తారు. అవతల విమానం దిగినప్పటి నుంచి బయటి గేటు దాకా మాత్రం ఎవరికి వారే. ఆ గంట, రెండు గంటల్లో ఏం జరుగుతుంది, ఎవరు ఏం అడుగుతారు, ఎక్కడ చిక్కు పడుతుంది అన్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాం. అక్కడ ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఇంట్లో పెట్టె సర్దేటప్పుడే మొదలవుతాయి. అందుకే ఈ వరుస కూడా ఇంటి దగ్గర్నుంచే మొదలవుతుంది.

ఒక మాట ముందే తెలిసి ఉండాలి. వీసా ఉంటే ఇక ఆపేవాళ్ళు లేరనుకోవద్దు. వీసా ఆ దేశపు గడప దాకా తెచ్చే కాగితం. లోపలికి రానివ్వాలా, ఎన్నాళ్ళు ఉండనివ్వాలా అన్నది గడప దగ్గర కూర్చున్న ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయం.

చేతి సంచిలో ఉండాల్సినవి

పాస్‌పోర్టు, వీసా, రానుపోను టికెట్ కాపీ, దిగాక ఉండబోయే ఇంటి అడ్రసు, అక్కడి మనిషి ఫోన్ నంబరు. ఇవన్నీ కాగితం మీద, చేతి సంచిలో ఉండాలి. ఫోన్‌లో ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు. దిగేసరికి చార్జింగ్ అయిపోవచ్చు, సిమ్ పనిచేయకపోవచ్చు, ఇమిగ్రేషన్ హాలులో ఫోన్ తీయనివ్వకపోవచ్చు. ఒక చిన్న నోటు పుస్తకం మొదటి పేజీలో అడ్రసు, ఫోన్ నంబరు, విమానం నంబరు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి, దానికి ఒక పెన్ను తగిలించి ఇవ్వండి. పెద్దవాళ్ళకు ఇంతకన్నా అక్కరకొచ్చే వస్తువు ఇంకోటి లేదు.

అమెరికా పోయే విద్యార్థులు ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ పంపే పత్రం), సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డుల కోసం అమెరికా ప్రభుత్వానికి కట్టేది) రసీదు, అడ్మిషన్ లెటరు, ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో చూపే బ్యాంకు లేదా లోన్ కాగితాలు చేతిలోనే ఉంచుకోవాలి. సర్టిఫికెట్ల ఫైలు బరువుగా ఉందని దాన్ని పెద్ద పెట్టెలో పెట్టి చెక్-ఇన్ చేయడం తరచుగా జరిగే పొరపాటు. పెట్టె చేతికొచ్చేది ఇమిగ్రేషన్ దాటాకే. కౌంటర్ దగ్గర ఐ-20 అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. ఐ-20 మీద మీ సంతకం ఉందో లేదో బయల్దేరే ముందు చూసుకోండి. ఇంకో సంగతి, ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కన్నా ముందు అమెరికాలోకి రానివ్వరు. ముందే పోయి చుట్టాల దగ్గర నెలన్నర ఉందామనుకుని టికెట్ కొంటే గడప దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది.

పేరు సంగతి మన దగ్గర ప్రత్యేకం. పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, అసలు పేరు కలిపి ఒకే గడిలో ఉంటాయి, రెండో గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివారికి అమెరికా వీసా మీద మొదటి పేరు బదులు 'ఎఫ్ఎన్‌యూ' అని వస్తుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. యూఏఈ 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని రానివ్వడం లేదు. మీ పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉంటే టికెట్ కొనకముందే దాన్ని సరిచేయించుకోవడం మేలు. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి.

నడవలేని పెద్దవాళ్ళకు, ఇంగ్లీషు బొత్తిగా రానివాళ్ళకు టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ అడగండి. కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్స్‌కు చెప్పి, మధ్యలో మారే ఎయిర్‌పోర్టుకు కూడా ఆ కోరిక నమోదైందో లేదో కనుక్కోవాలి. వీల్‌చైర్ నెట్టే మనిషి విమానం తలుపు దగ్గర ఎక్కించుకుని ఇమిగ్రేషన్, బెల్టు, కస్టమ్స్ అన్నీ దాటించి బయట మీవాళ్ళకు అప్పజెప్పుతాడు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కిలోమీటరు పొడవు కారిడార్ నడవడం కన్నా ఇది అడగడమే మంచిది. మొహమాటపడొద్దు.

పెట్టెలో ఏముందో మీకే తెలిసి ఉండాలి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

అమెరికాకు పోయేవారి పెట్టెలో సగం తిండి ఉంటుంది. మామిడికాయ తొక్కు, ఎల్లిపాయ కారం, సకినాలు, గారెప్పలు, అరిసెలు, నువ్వుల లడ్డూలు, పసుపు, ధనియాల పొడి లాంటివి మామూలుగా వెళ్తాయి. అడిగితే ఉన్నాయని చెప్పాలి, అంతే. వెళ్ళనివి వేరే ఉన్నాయి. మాంసంతో చేసినదేదైనా ఆపేస్తారు. నాటుకోడి తొక్కు, మటన్ తొక్కు, ఎండబెట్టిన మాంసం తునకలు, ఆఖరికి చికెన్ మసాలా కలిపిన నూడుల్స్ పాకెట్ కూడా. నూనెలో మునిగి ఉంది, ఉడికింది అంటే ఒప్పుకోరు. తాజా పండ్లు, కూరగాయలు, విత్తనాలు, మొక్కలు కూడా అంతే. తోటలో కాసిన మామిడిపండ్లు ఎంత ముద్దుగా ఉన్నా ఇంట్లోనే వదిలేయాలి.

కరివేపాకు విషయంలో చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. నిమ్మజాతి చెట్లను చంపే 'గ్రీనింగ్' తెగులును మోసే పురుగు కరివేపాకు చెట్టు మీద బతుకుతుంది. ఫ్లోరిడా నారింజ తోటలను ఆ తెగులు కోలుకోలేనంత దెబ్బతీసింది. అందుకే ఒక్క రెమ్మ దొరికినా తీసి పారేస్తారు. బియ్యం కూడా వద్దు. ధాన్యం గోదాములను పట్టే ఖప్రా పురుగు మన దేశంలో ఉంది కాబట్టి ఇక్కడి బియ్యాన్ని ప్రయాణికుల సామానులో రానివ్వరు. బతుకమ్మ కోసం తంగేడు, గునుగు పువ్వులు సంచిలో పెట్టి పంపాలని అక్కడి ఆడబిడ్డల కోరిక ఉంటుంది. పువ్వు కూడా మొక్క కిందికే వస్తుంది, పెట్టకండి. నెయ్యి, పాలకోవా, కలాకండ్ లాంటివి తీసుకెళ్తే తప్పకుండా డిక్లేర్ చేసి, అధికారి ఏమంటే అది వినాలి.

మేడారం నుంచి తెచ్చిన 'బంగారం' ప్రసాదం పెట్టెలో ఉంటే అడిగినప్పుడు దాన్ని బెల్లం అనే చెప్పండి, ఇంగ్లీషులో జాగరీ. మన వాడుక మాటను ఇంగ్లీషులోకి మార్చి గోల్డ్ అంటే పెట్టె అంతా విప్పిస్తారు. విభూతి, కుంకుమ, ఆయుర్వేద చూర్ణాలు కాగితం పొట్లాల్లో కట్టొద్దు. కంపెనీ డబ్బాలోనే, లేబుల్ ఉన్నదే పెట్టాలి. అమెరికా పోయే విమానంలో చేతి సంచిలో 350 మిల్లీలీటర్ల కొలత దాటిన పొడి ఏదైనా ఉంటే విడిగా తనిఖీ చేస్తారు. కారం పొడి, సున్నిపిండి పెద్ద పెట్టెలో వేయండి. పవర్ బ్యాంకు సంగతి మాత్రం దీనికి తలకిందులు. అది చేతి సంచిలోనే ఉండాలి.

గల్ఫ్‌కు పోయేవారి లెక్క వేరు. అక్కడ జరిమానాతో పోదు, జైలు దాకా పోతుంది. అన్నిటికన్నా ముందు గసగసాలు. మనకు మటన్ కూరలో వేసే మామూలు దినుసు. యూఏఈ, సౌదీ, ఖతార్ చట్టాల్లో మాత్రం నల్లమందు మొక్క గింజ. చిటికెడు గసాలు కలిపిన మసాలా పొడి అయినా వద్దు. అమెరికా పోతూ దుబాయిలోనో దోహాలోనో విమానం మారేవారు కూడా ఈ నియమం పాటించాలి. తమలపాకులు, వక్కలు, గుట్కా, నములుడు పొగాకు కూడా తీసేయండి.

మందుల విషయానికి వస్తే, ఒంటి నొప్పులకు వాడే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందులు, నిద్రకు వాడే ఆల్ప్రజోలం, డయాజిపాం గల్ఫ్ దేశాల్లో నియంత్రిత మందులు. షుగర్ వల్ల కాళ్ళు మండితే ఇచ్చే ప్రిగాబాలిన్ కూడా ఆ జాబితాలోనే ఉంది. మన మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికింది కదా అని తీసుకెళ్తే కేసవుతుంది. తప్పనిసరి అయితే ఆ దేశపు ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. బీపీ, షుగర్ మామూలు మాత్రలకు కూడా డాక్టరు చీటీ ఇంగ్లీషులో, మందు అసలు పేరుతో ఉండాలి. స్ట్రిప్పులు కత్తిరించి డబ్బాలో కలిపి పోయొద్దు.

నిజామాబాద్, కామారెడ్డి వైపు కల్తీ కల్లుకు అలవాటు పడినవారి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆ కల్లులో కలిపేది తరచుగా ఆల్ప్రజోలం, డయాజిపాం లాంటివే. అవి ఒక్కసారిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లో వణుకు, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్ రావచ్చు. సరిగ్గా కొత్త దేశంలో దిగే వేళకు. ప్రయాణం ఖాయం కాగానే డాక్టరును కలిసి, ఆయన చెప్పినట్టు మెల్లగా మానుకోవాలి. తట్టుకోలేనని మాత్రలు జేబులో దాచుకుని పోవడం అన్నిటికన్నా ప్రమాదం.

ఇక పార్సిల్. మీరు పోతున్నారని తెలియగానే ఊళ్ళో ఎవరో ఒకరు వచ్చి 'మా తమ్ముడికి ఇవ్వండి, చిన్న మూటే' అంటారు. కాదనడం మనకు కష్టం. కానీ మీ పెట్టెలో దొరికింది మీదే. ఎవరిచ్చారని చెప్పినా అక్కడి పోలీసు దాన్ని సాకుగానే చూస్తాడు. తెలియక మోసుకెళ్ళి ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నవాళ్ళున్నారు. తీసుకోక తప్పకపోతే ఇచ్చినవాళ్ళ ముందే మూట మొత్తం విప్పి, పచ్చడి డబ్బాలో గరిటె పెట్టి కలిపి చూసి, బట్టల కుట్లు, చెప్పుల అడుగు తడిమి, మీ చేత్తోనే మళ్ళీ సర్దుకోండి. సీలు వేసిన డబ్బా, విప్పనివ్వని మూట ఎంత దగ్గరి చుట్టం ఇచ్చినా తిప్పి పంపేయండి.

పెట్టె సర్దాక మూసి ఉన్నప్పుడు, తెరిచి ఉన్నప్పుడు ఫోటోలు తీసుకోండి. ఒక్కో పెట్టె 23 కిలోల పరిమితి ఉన్న టికెట్లే ఎక్కువ. 32 కిలోలు దాటిన పెట్టెను డబ్బు కట్టినా సాధారణంగా తీసుకోరు. పెట్టె మీద పేరు, అక్కడి ఫోన్ నంబరు అతికించి, లోపల కూడా ఒక చీటీ వేయండి.

బయల్దేరే ముందు మూడు రోజులు

కొన్ని దేశాలు విమానంలో ఇచ్చే కాగితం ఫారాన్ని ఆపేసి, ఆన్‌లైన్ అరైవల్ కార్డు పెట్టాయి. సింగపూర్, మలేషియా, థాయిలాండ్ మూడింటికీ దిగే తేదీకి మూడు రోజుల ముందు నుంచి నింపవచ్చు. మూడూ ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనబడితే అది ప్రభుత్వానిది కాదని గుర్తుపట్టండి. యూరప్‌లో 2025 అక్టోబరు 12 నుంచి పాస్‌పోర్టు ముద్ర బదులు వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. మొదటిసారి పోయేవారికి లైను కొంచెం ఎక్కువసేపు పడుతుంది.

దిగాక

సీటు జేబులో పాస్‌పోర్టు మర్చిపోలేదని చూసుకుని దిగండి. బయట రెండు రకాల బోర్డులుంటాయి. ఆ ఊరే మీ చివరి మజిలీ అయితే 'అరైవల్స్' లేదా పెట్టె బొమ్మ ఉన్న బాణం వెంట పోవాలి. ఇంకో విమానం ఎక్కాలంటే 'ట్రాన్స్‌ఫర్స్' లేదా 'కనెక్షన్స్'. దుబాయి, దోహాలో మారేవారు రెండో బాణం వెంట పోతే ఇమిగ్రేషన్ అక్కర్లేదు. దారిలో మొదట కనబడిన టాయిలెట్‌కు వెళ్ళి రండి. లైనులో గంటన్నర నిలబడ్డాక వెళ్ళడం కుదరదు.

హాలులోకి పోగానే ఆ దేశ పౌరులకో లైను, మిగతావారికో లైను. మనది 'విజిటర్స్' లేదా 'ఆల్ పాస్‌పోర్ట్స్'. ఒకే కుటుంబం అంతా ఒక్క కౌంటర్ దగ్గరికే కలిసి వెళ్ళవచ్చు. భార్యను ఒక లైనులో, భర్తను ఇంకో లైనులో నిలబెట్టకండి. ఇంగ్లీషు వచ్చిన ఒక్కరితో అందరి పని అయిపోతుంది. ఫోన్ మాట్లాడడం, ఫోటోలు తీయడం, వీడియో కాల్‌లో మనవడికి హాలు చూపించడం అక్కడ నిషేధం.

కౌంటర్ దగ్గర

అధికారి ముందు కుడి చేయి నాలుగు వేళ్ళు, తర్వాత బొటనవేలు, అలాగే ఎడమ చేయి పెట్టమంటాడు. కెమెరా వైపు చూడమంటాడు. కళ్ళజోడు, టోపీ తీసేయాలి. పొలం పనిలో, బీడీలు చుట్టడంలో, సున్నం పనిలో వేలిముద్రలు అరిగిపోయినవారికి యంత్రం రెండు మూడుసార్లు తీసుకోదు. కంగారు పడక్కర్లేదు. వేళ్ళు తడిగుడ్డతో తుడుచుకుని, కొంచెం నొక్కి పెడితే పడుతుంది. రెండు రోజుల ముందు నుంచి చేతులకు కొబ్బరినూనె రాసుకుంటే చర్మం మెత్తబడుతుంది.

ప్రశ్నలు చాలావరకు ఇవే ఉంటాయి. ఎందుకు వచ్చారు, ఎన్నాళ్ళుంటారు, ఎక్కడ ఉంటారు, అక్కడున్న మనిషి మీకేమవుతారు, ఆయన ఏం పని చేస్తారు, తిరుగు టికెట్ ఉందా, ఎంత డబ్బు తెచ్చారు, తినే వస్తువులేమైనా ఉన్నాయా. అడిగినదానికి మాత్రమే, నిజం, ఒక్క ముక్కలో చెప్పాలి. 'ఎన్నాళ్ళు' అంటే 'టూ మంత్స్' చాలు. కొడుకు ఏ ఊళ్ళో కొత్త ఇల్లు కొన్నాడో, కోడలికి ఎన్నో నెలో మొత్తం చెప్పుకుంటూ పోతే ఒక్కో మాటకు కొత్త ప్రశ్న పుడుతుంది.

బి-2 (సందర్శకుల) వీసా మీద పోయే అమ్మలను ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న బిడ్డ కాన్పు గురించి. బిడ్డకు తోడుగా ఉండడానికి, మనవణ్ని చూడడానికి వచ్చామని ఉన్నదున్నట్టు చెప్పడంలో తప్పేమీ లేదు. తెలియని ఇంగ్లీషులో 'వర్క్', 'బేబీసిట్టింగ్' లాంటి మాటలు వాడితే అధికారికి జీతానికి చేసే పని అనిపించవచ్చు. ఆ మాటల అర్థం మీకు తెలియకపోతే వాడొద్దు.

తిరుగు టికెట్ తేదీకీ మీరు చెప్పే గడువుకూ పొంతన ఉండాలి. టికెట్ అయిదున్నర నెలలకు ఉండి 'టూ మంత్స్' అంటే అనుమానం వస్తుంది. పోయినసారి ఆరు నెలలు ఉండి వచ్చి, మళ్ళీ రెండు మూడు నెలలకే పోతే 'మీరు ఇక్కడే ఉంటున్నారా' అని అడగడం మామూలు. అలాంటప్పుడు ఎందుకు మళ్ళీ వచ్చారో చెప్పే కారణం స్పష్టంగా ఉండాలి.

విద్యార్థులను కోర్సు పేరు, యూనివర్సిటీ ఊరు, ఫీజు ఎవరు కడుతున్నారు, మొదటి సెమిస్టర్లో ఏ సబ్జెక్టులు అని అడుగుతారు. కన్సల్టెన్సీ వాళ్ళు ఇచ్చిన జవాబులు బట్టీ పట్టి చెప్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మీ ఐ-20లో ఏముందో మీరే ఒకసారి నిదానంగా చదువుకుని వెళ్ళండి. ఫోన్ తీసి చూసే అధికారం అమెరికా సరిహద్దు అధికారులకు ఉంది. బయట రెస్టారెంట్‌లోనో పెట్రోల్ బంకులోనో పని చూసిపెట్టమని స్నేహితులతో చేసిన చాట్లు బయటపడి తిరిగి పంపిన సందర్భాలున్నాయి. చెరిపేసుకుని పోవాలని ఈ మాట చెప్పడం లేదు. అనుమతి లేని పని చేసే ఆలోచనే పెట్టుకోవద్దని చెప్తున్నాం. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు. అది చట్టం ఇచ్చిన వెసులుబాటు.

ప్రశ్న అర్థం కాకపోతే ఊరికే 'ఎస్' అనొద్దు. మన పెద్దవాళ్ళకు ఈ అలవాటు బాగా ఉంటుంది, దీంతోనే నష్టపోతారు. 'తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్' అని అడగండి. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో ఫోన్ మీద దుబాసీని కలుపుతారు. చీటీ మీద 'ఐ స్పీక్ తెలుగు, ప్లీజ్ గెట్ ఎ తెలుగు ఇంటర్‌ప్రెటర్' అని ఇంగ్లీషులో రాసి అమ్మ పాస్‌పోర్టులో పెట్టి పంపితే ఇంకా మంచిది. హిందీ కొంచెం వచ్చు కదా అని హిందీ దుబాసీకి ఒప్పుకోవద్దు.

పక్క గదికి పంపితే

కొందరిని పాస్‌పోర్టు తీసుకుని వేరే గదికి పంపుతారు. దీన్ని సెకండరీ అంటారు. అరెస్టు అనుకోవద్దు. కంప్యూటర్‌లో పేరు ఇంకొకరితో కలవడం, ఒక కాగితం తక్కువ పడడం, జవాబు స్పష్టంగా లేకపోవడం లాంటి మామూలు కారణాలే ఎక్కువ. అరగంట పట్టవచ్చు, నాలుగు గంటలూ పట్టవచ్చు. ఫోన్ వాడనివ్వరు. మంచినీళ్ళు, టాయిలెట్, వేసుకోవాల్సిన షుగర్ మాత్ర అడగొచ్చు. బయట ఎదురుచూసే కొడుక్కి 'నాలుగు గంటల దాకా కంగారు పడకు' అని ముందే చెప్పి ఉంచండి. ఆ సమయంలో రెండో విమానం పోతే ఎయిర్‌లైన్స్ కౌంటర్‌లో చెప్పండి, తర్వాతి దానిలో పంపే ఏర్పాటు చేస్తారు.

విద్యార్థి దగ్గర ఒక కాగితం తక్కువైతే అధికారి ఐ-515ఏ అనే ఫారం ఇచ్చి 30 రోజుల గడువుతో లోపలికి పంపవచ్చు. ఆ గడువులోపల యూనివర్సిటీ సాయంతో కాగితాలు పంపించాలి. మర్చిపోతే స్టేటస్, అంటే విద్యార్థిగా అక్కడ ఉండే హక్కు పోతుంది.

లోపలికి రానిచ్చేది లేదని చెప్తే అప్పుడు జాగ్రత్త. 'ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్' అని పంపితే అయిదేళ్ళ నిషేధం పడుతుంది. 'విత్‌డ్రాయల్' అంటే మీ అంతట మీరే ప్రవేశం కోరికను వెనక్కి తీసుకోవడం, దానికి ఆ నిషేధం ఉండదు. అది ఇవ్వడం ఇవ్వకపోవడం అధికారి చేతిలో ఉంది గానీ అడగొచ్చు. వాళ్ళు రాసుకున్న వాంగ్మూలం తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి.

సామాను, కస్టమ్స్

తెర మీద మీ విమానం నంబరు చూసి బెల్టు దగ్గరికి పోవాలి. ఒకే రంగు పెట్టెలు పదుల్లో వస్తాయి. బోర్డింగ్ పాస్‌కు అతికించిన రసీదు నంబరుతో ట్యాగు సరిచూసుకునే తీయండి. ఇంకొకరి పెట్టెతో బయటికి పోతే అందులో ఏమున్నా జవాబు మీరే చెప్పాలి.

పెట్టె రాకపోతే బయటికి వెళ్ళకండి. అక్కడే ఉన్న బ్యాగేజ్ కౌంటర్‌లో 'పీఐఆర్' అనే ఫిర్యాదు రాయించి, దాని నంబరున్న కాగితం తీసుకోవాలి. ఇంటికి పోయి ఫోన్ చేద్దామంటే పని కష్టమవుతుంది. పగిలిన పెట్టెకు 7 రోజుల్లోపల, ఆలస్యంగా చేరిన పెట్టెకు చేతికందిన 21 రోజుల్లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని 1999 మాంట్రియల్ ఒప్పందం చెప్తుంది. ముందు తీసుకున్న ఫోటోలు ఇక్కడ పనికొస్తాయి. నగలు, సర్టిఫికెట్లు, మందులు చేతి సంచిలో పెట్టుకోమనడం ఇందుకే.

కస్టమ్స్‌లో చాలా దేశాల్లో ఆకుపచ్చ దారి, ఎర్ర దారి ఉంటాయి. చెప్పాల్సింది ఏమీ లేకపోతేనే ఆకుపచ్చ. అమెరికాలో ఈ మాట ఎక్కువగా నోటితోనే అడుగుతారు. తిండి ఉంటే 'ఎస్, పికిల్స్, స్వీట్స్, స్పైసెస్' అని చెప్పండి. చెప్పి చూపించినవాటిలో పనికిరానిదాన్ని తీసి పారేస్తారు, జరిమానా ఉండదు. లేదని చెప్పి దొరికితే మొదటిసారికే 1,000 డాలర్ల దాకా పడవచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఈ విషయంలో ఇంకా కఠినం. న్యూజిలాండ్‌లో చెప్పని ఒక్క ఆపిల్ పండుకు అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్లు కట్టిస్తారు.

డబ్బు ఎంతైనా తీసుకెళ్ళవచ్చు గానీ అమెరికాలో 10,000 డాలర్లు దాటితే రాసి ఇవ్వాలి. కుటుంబం కలిసి పోతే అందరి దగ్గరున్నదీ కలిపే లెక్క. తలా కొంచెం పంచుకుంటే తప్పించుకున్నట్టు కాదు.

అమెరికాలో ఇంకో విమానం ఎక్కాలంటే

షికాగోలో దిగి అక్కడి నుంచి ఆస్టిన్ పోవాలనుకుందాం. ఇమిగ్రేషన్, కస్టమ్స్ మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే. శంషాబాద్‌లో పెట్టెకు ఆస్టిన్ ట్యాగు వేసినా షికాగోలో బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, ఎదురుగా ఉండే 'రీచెక్' కౌంటర్‌లో మళ్ళీ ఇవ్వాలి. ట్యాగు ఉంది కదా అదే పోతుందని వదిలేసి పోయేవారు చాలామంది. పెట్టె అక్కడే ఉండిపోతుంది. తర్వాత మళ్ళీ సెక్యూరిటీ, ఒక్కోసారి వేరే టెర్మినల్‌కు రైలు. మధ్యలో మూడు గంటలకు తక్కువ ఉండే టికెట్ కొనొద్దు, పెద్దవాళ్ళకైతే నాలుగు.

అబుదాబి మీదుగా పోయేవారికి ఇది మారుతుంది. అక్కడే అమెరికా అధికారులు కూర్చుని ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేస్తారు. అమెరికాలో దిగాక దేశంలోపలి ప్రయాణికుల్లా నేరుగా బయటికి రావచ్చు. అందువల్ల అబుదాబిలో విమానాల మధ్య సమయం ఎక్కువ ఉండాలి.

గల్ఫ్‌కు పనికి పోయేవారు

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (కొన్ని దేశాలకు పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) కిందికి వస్తుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే వీరికి ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి కావాలి. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తుంది. ఏజెంటు 'ఇదంతా ఎందుకు, విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిద్దాం' అంటే ఒప్పుకోవద్దు. ఆ వీసా మీద దిగి అధికారికి పనికొచ్చానని చెప్తే వెనక్కి పంపుతారు, చుట్టపుచూపుగా వచ్చానని చెప్తే అబద్ధం అవుతుంది. పని దొరికినా, జీతం ఇవ్వకపోతే అడగడం కష్టం.

వీసా కాగితం కలర్ ప్రింట్లు రెండు, ఒప్పందం కాపీ దగ్గర పెట్టుకోండి. యూఏఈలో మొదటిసారి దిగేవారికి కంటి స్కాన్ తీస్తారు. సౌదీలో వేలిముద్రలు తీశాక పాస్‌పోర్టులో పడే బార్డర్ నంబరును అక్కడే ఫోటో తీసుకోండి. ఇకామా (సౌదీలో ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు) వచ్చేదాకా మీ గుర్తింపు అదే.

బయట కంపెనీ మనిషి బోర్డు పట్టుకుని ఉంటాడు. ఆ బోర్డు మీది పేరు, మీ వీసా మీది స్పాన్సర్ పేరు ఒకటేనా అని చూసుకున్నాకే బండి ఎక్కండి. పేరు వేరైతే పాస్‌పోర్టు చేతికి ఇవ్వకుండా ఎయిర్‌పోర్టు లోపలే ఉండి వీసా మీది నంబరుకు ఫోన్ చేయించండి. ఇకామా, ఎమిరేట్స్ ఐడీ పని కోసం పాస్‌పోర్టు తీసుకుంటే రసీదు అడగండి. యజమాని దాన్ని తన దగ్గర దాచుకోవడం యూఏఈ, సౌదీ, ఖతార్ చట్టాలకు విరుద్ధం. యూఏఈలో భారతీయులకు సాయం చేసే నంబరు 800 46342, ఇరవైనాలుగు గంటలూ ఎత్తుతారు, కాల్‌కు డబ్బు పడదు. ఈ నంబరు ఫోన్‌తో పాటు నోటు పుస్తకంలో కూడా రాసుకోండి.

బయటికి వచ్చాక

అమెరికా చేరినవారు మూడు నాలుగు రోజుల్లో చేయాల్సిన పని ఒకటుంది. సరిహద్దు శాఖ అధికారిక వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు నంబరు కొట్టి ఐ-94 రికార్డు తీయాలి. చాలా ఎయిర్‌పోర్టుల్లో ఇప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేయడం లేదు కాబట్టి మీరు ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిసేది అందులోనే. పదేళ్ళ వీసా ఉన్నా బి-2 వారికి సాధారణంగా ఇచ్చేది ఆరు నెలలే. చూడాల్సింది ఐ-94 మీది తేదీ, వీసా మీది తేదీ కాదు. పేరు, పుట్టిన తేదీ, వీసా రకం అందులో తప్పుగా పడడం అరుదేమీ కాదు. తప్పు కనబడితే దగ్గర్లోని డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసును సంప్రదిస్తే సరిచేస్తారు. ఆ పేజీని ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టి, గడువు తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి.